బంగారక్క ఎక్కడ ఆగింది: సూపర్‌హీరో కామిక్స్ సినిమాల నుంచి ఏమి తీసుకోవాలి

కడపలోనో అనంతపురంలోనో ఇవాళ పాతిక, ముప్పై ఏళ్ల వయసున్న వారిలో చాలామందికి స్పైడర్‌మ్యాన్ పరిచయమైంది సినిమా హాల్లో, లేదంటే ఇంట్లో టీవీ ముందు, తెలుగు డబ్బింగులో. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి అతణ్ని కాగితం మీద సృష్టించారన్న సంగతి చాలా కాలం తర్వాత గాని తెలియదు. తెలిశాక ఆసక్తి పుట్టి ఒక కామిక్ పుస్తకం తెప్పించుకుని తెరిస్తే, అందులో కనిపించే మనిషి వేరు. ముఖం వేరు, వయసు వేరు, చుట్టూ ఉన్న బంధువులూ శత్రువులూ వేరు. సినిమాలో చనిపోయినవాడు ఇక్కడ నిక్షేపంగా తిరుగుతుంటాడు. తెర మీద చూసిందే అసలు కథ అనీ, పుస్తకంలోనిది ఎవరో మార్చి రాసిందనీ అనిపిస్తుంది. పుస్తకం ముందు పుట్టినా, ఈ పాఠకుడి అనుభవంలో సినిమాయే మూలం.

ఈ పాఠకుణ్ని పోగొట్టుకోకూడదన్న ఆరాటం ప్రచురణ సంస్థలకు ఎప్పటి నుంచో ఉంది. సినిమా విడుదల దగ్గర పడగానే కామిక్‌లో వీరుడి దుస్తులు మారతాయి, పాత శత్రువు మళ్లీ తలెత్తుతాడు, తెర మీద మాత్రమే ఉన్న పాత్ర ఒకటి హఠాత్తుగా పేజీల్లో ప్రత్యక్షమవుతుంది. పాత పాఠకులకు ఇది కోపం తెప్పిస్తుంది. సినిమావాళ్లు ఏమి చేసుకున్నా పుస్తకం తన దారిన తాను పోవాలని వాళ్లంటారు. ఈ కోపంలో న్యాయం ఉంది గాని, చరిత్ర మాత్రం దానికి పూర్తిగా సాక్ష్యం చెప్పదు. పాత పాఠకులు ప్రాణంగా చూసుకునే సంగతుల్లో చాలా భాగం రేడియో నుంచి, హాళ్లలో భాగాలుగా ఆడిన సినిమా సీరియళ్ల నుంచి, టీవీ నుంచి వచ్చినవే.

సూపర్‌మ్యాన్‌నే తీసుకుంటే, 1938లో తొలిసారి అచ్చయినప్పుడు అతను ఎగరలేదు, దూకేవాడు. ఎత్తయిన భవనాన్ని ఒక్క గంతులో దాటగలగడమే అతని ఘనత. 1940లో అతని కథ రేడియో నాటకంగా మొదలైంది. రేడియోకు ఒక ఇబ్బంది ఉంది. ఒంటరిగా ఉన్న వీరుడు ఏమి చేస్తున్నాడో వినేవాడికి తెలియాలంటే అతనితో మాట్లాడే మనుషులు కావాలి. పత్రికా సంపాదకుడు పెర్రీ వైట్ ఆ రేడియోలోనే పుట్టాడు. కుర్రవాడు జిమ్మీ ఓల్సెన్‌కు ఆ పేరూ ఆ స్వభావమూ అక్కడే దక్కాయి. ఏ ఆయుధానికీ లొంగని వాణ్ని పెట్టుకుని రోజూ ఉత్కంఠ నడపడం కష్టం. అతణ్ని నిస్సత్తువగా పడేసే క్రిప్టోనైట్ అనే రాయి 1943లో రేడియోలోనే వినిపించింది. రేడియోలోనూ, 1941 నుంచి ఫ్లైషర్ సోదరులు తీసిన కార్టూన్ చిత్రాల్లోనూ అతను గాలిలో ఎగిరాడు. చూస్తూ చూస్తూ కామిక్ కూడా గంతులు మానేసింది. ఎగరని సూపర్‌మ్యాన్‌ను ఇవాళ ఊహించుకోవడం కష్టం.

ఇక్కడ గమనించవలసింది వేగం. క్రిప్టోనైట్ రేడియోలో వినిపించిన ఆరేళ్లకు, 1949లో గాని కామిక్ కథలోకి రాలేదు. వచ్చినప్పుడు, సూపర్‌మ్యాన్ తన పుట్టుక గురించి తాను తెలుసుకునే కథలో భాగంగా వచ్చింది. ఎక్కడి నుంచో ఊడిపడ్డ వస్తువుగా రాలేదు. తన గ్రహం పేలిపోగా మిగిలిన తునకే తన ప్రాణానికి ముప్పు కావడంలో ఒక విషాదం ఉంది. ఆ విషాదాన్ని ఇముడ్చుకునే చోటు అసలు కథలో ముందే ఉంది, అప్పటిదాకా ఖాళీగా ఉంది.

బ్యాట్‌మ్యాన్ ఇంటి సేవకుడు ఆల్‌ఫ్రెడ్ విషయంలో ఇంతకంటే చిత్రమైన సర్దుబాటు జరిగింది. 1943లో కామిక్‌లోకి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ లావుపాటి మనిషి, మీసం లేదు, డిటెక్టివ్ కావాలని తహతహలాడే హాస్యపాత్ర. అదే ఏడాది వచ్చిన సినిమా సీరియల్‌లో విలియం ఆస్టిన్ అనే నటుడు ఆ వేషం వేశాడు. ఆయన సన్నగా ఉంటాడు, సన్నని మీసం ఉంది. కామిక్ రచయితలు కొత్త రూపానికి మారదలచుకున్నారు, అయితే రాత్రికి రాత్రి మార్చి ఊరుకోలేదు. 1944 జనవరి నాటి సంచికలో ఆల్‌ఫ్రెడ్ సెలవు మీద ఒక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, ఒళ్లు తగ్గించుకుని, మీసం పెంచుకుని తిరిగి వచ్చాడు. చిన్న పిల్లల పుస్తకంలో ఇంత శ్రద్ధ చూపడం ముచ్చటేస్తుంది. మార్పు బయటి నుంచి వచ్చినా, దానికి కారణం కథ లోపల దొరకాలన్న పట్టుదల అందులో ఉంది. బ్యాట్‌మ్యాన్ స్థావరంగా ఇవాళ అందరికీ తెలిసిన గబ్బిలాల గుహ కూడా ఆ సీరియల్ ఇచ్చినదే.

సినిమా నుంచి పుస్తకానికి ఏది రావాలి, ఏది రాకూడదు అన్నదానికి అమెరికా కామిక్స్ చరిత్ర నుంచే ఒక కొలమానం తయారు చేసుకోవచ్చు. కానీ అంతకంటే పాతదీ, నమ్మదగినదీ రాయలసీమలోనే ఉంది. ఒకే కథ తోలుబొమ్మ మీదా, గుడి గోడ మీదా, రంగస్థలం మీదా, ఆ తర్వాత వెండితెర మీదా నడిచిన నేల ఇది. ఏ రూపం ఏ రూపానికి ఏమి ఇచ్చింది, ఏమి ఇవ్వలేదు అన్నది ఇక్కడ శతాబ్దాల పాటు తేలుతూ వచ్చింది.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరున్న ఊరు. మేకతోలును వెలుతురు పారేంత పలచగా గీకి, చిల్లులు పొడిచి, రంగులు అద్ది బొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తోలుబొమ్మల రామాయణం రాత్రంతా సాగే ఆట. రాముడి దుఃఖం, రావణుడి గర్వం నడుస్తుండగా మధ్యలో బంగారక్క వస్తుంది, జుట్టు పోలిగాడు వస్తాడు, కేతిగాడు వస్తాడు. వాళ్ల సరసం, వాళ్ల తిట్లు, వాళ్ల కొట్లాట చూసి నిద్ర కళ్లతో ఉన్న జనం లేచి కూర్చుంటారు. బంగారక్క లేని తోలుబొమ్మలాటను సీమ పల్లెల్లో ఎవరూ ఒప్పుకోరు. అయినా రామాయణ కావ్యం ఆమెను తన లోపలికి పిలవలేదు. పిలవకపోవడంలో చిన్నచూపు లేదు. ఆమె పుట్టింది ఆట అవసరం కోసం. తెల్లవార్లూ జనాన్ని మెలకువగా ఉంచవలసిన బాధ్యత ఆటదే. చదివేవాడు నిద్రొస్తే పుస్తకం మూసి పడుకుంటాడు.

అదే తోలుబొమ్మలాటకు ఆధారమైన రంగనాథ రామాయణంలో, వాల్మీకి చెప్పని ఉడుత కనిపిస్తుంది. వారధి కట్టేటప్పుడు ఇసుకలో పొర్లి, ఆ ఇసుకను విదిలించి తన వంతు సాయం చేసిన ఉడుత. మూలంలో లేదన్న కారణంతో ఎవరూ దాన్ని వెళ్లగొట్టలేదు. పైగా ఉడుతాభక్తి అన్న మాట తెలుగు నుడికారమై కూర్చుంది. కోతులు కొండలు మోస్తున్న చోట, ఏమీ మోయలేని ప్రాణికి రాముడి దగ్గర చోటెక్కడ అన్న ప్రశ్న వాల్మీకి కథలోనే ఉంది, జవాబు మాత్రం లేదు. ఉడుత ఆ జవాబు.

దీన్ని ఇంకా పెద్ద ఎత్తున చూడాలంటే నల్లమలలోని అహోబిలానికి వెళ్లాలి. పురాణంలో నరసింహుడు స్తంభం చీల్చుకుని వచ్చి హిరణ్యకశిపుణ్ని చంపుతాడు. ఆ ఉగ్రరూపం ఆ తర్వాత ఏమైందన్న చోట చెంచులు తమ కథ చెబుతారు. అడవిలో తిరుగుతున్న నరసింహుడు చెంచుల ఆడపిల్లను చూశాడు, మనసు పడ్డాడు, వాళ్ల అల్లుడయ్యాడు. ఇది ఏదో పాటగానే మిగిలిపోలేదు. అహోబిలం ఆలయ సంప్రదాయమే దీన్ని తనదిగా చేసుకుంది. ఏటా సంక్రాంతి తర్వాత జరిగే పారువేటలో స్వామి పల్లకి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ముప్పైకి పైగా గ్రామాలు తిరిగి, తన కల్యాణానికి జనాన్ని పిలిచి వస్తుంది. కడపలో దేవుని కడప వేంకటేశ్వరుడి దగ్గరికి ఉగాది నాడు ముస్లింలు రావడం కూడా ఇలాంటిదే. బీబీ నాంచారి కథ ద్వారా స్వామి వాళ్లకు అల్లుడు. ఈ రెండు చోట్లా మూలకథలో ఒక్క అక్షరం కొట్టివేయలేదు. హిరణ్యకశిపుడి వధ అలాగే ఉంది, ప్రహ్లాదుడు అలాగే ఉన్నాడు. మూలం మౌనంగా వదిలిన చోట కొత్త కథ కూర్చుంది, కూర్చుని దేవుడికీ మనుషులకూ మధ్య కొత్త బంధుత్వం తెచ్చింది.

చెంచులక్ష్మి లోపలికి వచ్చింది, బంగారక్క గుమ్మం దగ్గరే ఆగింది. ఇద్దరినీ జనం ఒకేలా ప్రేమించారు. అంటే జనాదరణ ఒక్కటే కొలత కాలేదు. ఒక రూపంలో పుట్టిన సంగతి ఇంకో రూపంలోకి రావాలంటే, అక్కడ దాని కోసం ఒక ఖాళీ ఎదురు చూస్తూ ఉండాలి. ఈ కొలతతో అమెరికా కామిక్స్‌ను చూస్తే, ఏ అరువు ఎందుకు నిలిచిందో, ఏది ఎందుకు రాలిపోయిందో స్పష్టపడుతుంది.

నిలిచినవాటిలో మిస్టర్ ఫ్రీజ్ కథ అన్నిటికంటే అందమైనది. 1959లో మిస్టర్ జీరో అనే పేరుతో కామిక్‌లో వచ్చిన ఈ బ్యాట్‌మ్యాన్ శత్రువు ఒక మామూలు దొంగ. ప్రయోగం వికటించి చలిలోనే బతకవలసి వచ్చింది, చేతిలో గడ్డకట్టించే తుపాకీ ఉంది, అంతే. 1966 నాటి టీవీ సీరియల్ అతనికి మిస్టర్ ఫ్రీజ్ అని పేరు మార్చింది, కొన్నాళ్లకు కామిక్ కూడా ఆ పేరే వాడింది. పేరు మారినా మనిషిలో కొత్తదనం ఏమీ రాలేదు. 1992లో బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సీరియల్ కోసం పాల్ డీని రాసిన ఒక భాగంలో అతనికి నోరా అనే భార్యను ఇచ్చారు. నయం కాని జబ్బుతో ఉన్న ఆమెను బతికించుకోవడానికి మంచులో నిద్రపుచ్చి, మందు కోసం వెతుకుతున్న శాస్త్రవేత్త అతను. చలి అతని ఆయుధంగా ఉండేది. ఇప్పుడు అతని దుఃఖమైంది. ఈ మనిషి ఎందుకిలా అయ్యాడన్న ప్రశ్న ముప్పై మూడేళ్లుగా కామిక్‌లో జవాబు లేకుండా పడి ఉంది. కామిక్ ఈ జవాబును రెండు చేతులా అందుకుంది. అందుకోకపోతే పెద్ద తప్పు చేసినట్టయ్యేది.

అదే సీరియల్‌లో 1992 సెప్టెంబరులో పాల్ డీని, బ్రూస్ టిమ్ సృష్టించిన హార్లీ క్విన్, బ్యాట్‌మ్యాన్ శత్రువైన జోకర్ పక్కన నిలబడే సహాయకురాలిగా కనిపించింది. ఆమె కామిక్‌లోకి వచ్చిన తీరు ఓపికకు మంచి ఉదాహరణ. ముందు ఆ యానిమేషన్ ప్రపంచం ఆధారంగా నడిచే విడి కామిక్‌లో, 1993లో వచ్చింది. అక్కడ ఆమె గత కథ రాసుకున్నారు. 1999లో గాని ప్రధాన కామిక్ ప్రపంచంలోకి అడుగు పెట్టనివ్వలేదు. ఏడేళ్లు గుమ్మం బయట ఉంచి, నడవగలదని తేలాక లోపలికి పిలిచారు. జోకర్‌కు అంతవరకు శత్రువులున్నారు, బంట్లున్నారు. అతణ్ని ప్రేమించి పాడైపోయే మనిషి లేదు. అతని క్రూరత్వాన్ని నిత్యం ఇంట్లో అనుభవించే పాత్ర వచ్చేసరికి ఆ క్రూరత్వం బొమ్మల కథల స్థాయి దాటి, పాఠకులకు తమ వీధిలో తెలిసినదే అయింది.

బార్బరా గోర్డన్ వ్యవహారం మరీ ఆలోచించదగింది. 1966 నాటి బ్యాట్‌మ్యాన్ టీవీ సీరియల్ నిర్మాత ఒక అమ్మాయి పాత్ర కావాలని అడిగితే, సంపాదకుడు జూలియస్ ష్వార్జ్, చిత్రకారుడు కార్మైన్ ఇన్ఫాంటినో బార్బరా అనే కొత్త బ్యాట్‌గర్ల్‌ను తయారు చేశారు. 1967 జనవరి నాటి కామిక్ సంచికలో ఆమె ముందు కనిపించింది, ఆ ఏడాది సెప్టెంబరులో టీవీలో యివోన్ క్రెయిగ్ ఆ వేషం వేసింది. పచ్చిగా చెప్పాలంటే ఇది వ్యాపారం. సీరియల్‌కు ప్రేక్షకులు తగ్గుతున్నారు, కొత్త ఆకర్షణ కావాలి. కానీ సృష్టించినవాళ్లు ఆమెను పోలీసు కమిషనర్ కూతురిగా, లైబ్రరీలో పనిచేసే చదువరిగా మలిచారు. సీరియల్ 1968లో ఆగిపోయింది, ఆమె ఆగలేదు. 1988లో జోకర్ తుపాకీ గుండు తగిలి నడవలేని స్థితికి వచ్చాక, జాన్ ఆస్ట్రాండర్, కిమ్ యేల్ ఆమెను ఒరాకిల్‌గా మార్చారు. చక్రాల కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ ముందు నుంచి వీరులందరికీ దారి చూపే మేధావిగా. లైబ్రేరియన్ అన్న ఆ చిన్న వివరం ఇరవై ఏళ్ల తర్వాత అక్కరకొచ్చింది. టీవీ కోసం పుట్టిన పాత్రకు కామిక్ ఇచ్చిన ఈ రెండో జీవితం టీవీ ఎన్నడూ ఊహించనిది. అరువు తీసుకోవడమంటే ఇలా తీసుకోవాలి.

ఇక రాలిపోయినవి. 2002లో సామ్ రైమీ తీసిన సినిమాలో స్పైడర్‌మ్యాన్ మణికట్టు నుంచి సాలెదారం తనంతట తానే వస్తుంది. సినిమాకు అది సరిపోయింది. రెండు గంటల్లో ఒక కుర్రవాడి శరీరం మారిపోయిన వింతను చెప్పాలి, అతను ఇంట్లో కూర్చుని యంత్రం తయారు చేసే దృశ్యాలకు తావులేదు. 2004లో కామిక్ కూడా అతనికి ఆ శక్తినే ఇచ్చింది. ఇచ్చి, తనది కానిది ఒకటి సంపాదించి, తనది అయినది పోగొట్టుకుంది. 1962 కథలో పీటర్ పార్కర్ ఆ దారాన్నీ దాన్ని విసిరే పరికరాన్నీ సొంతంగా తయారు చేసుకుంటాడు. పెద్దగా డబ్బు లేని ఇంట్లో పెరిగిన చదువుల పిల్లవాడి తెలివి అక్కడ కనిపిస్తుంది. ఆపద వేళ దారం అయిపోతుంది, అతను మళ్లీ మళ్లీ నింపుకోవాలి. సాలెపురుగు ఇచ్చింది బలం. దారం మాత్రం అతని కష్టార్జితం. ఇక్కడ ఖాళీ ఏదీ లేదు. ఉన్నదాన్ని పక్కకు నెట్టి కొత్తది కూర్చుంది. కొన్నేళ్లకు, 2008 ప్రాంతంలో, కామిక్ మళ్లీ పాత పరికరాలకే వెళ్లింది. ఆ తర్వాత 2012లో వచ్చిన సినిమా, 2017లో వచ్చిన సినిమా కూడా పరికరాలనే చూపాయి. కామిక్ ఏ తెరను వెంబడించిందో ఆ తెరే తిరిగి కామిక్ దగ్గరికి వచ్చింది.

ఎక్స్‌మెన్ తోలు దుస్తులదీ ఇదే కథ. 2000 సంవత్సరపు సినిమాలో వీరులందరికీ నల్లని తోలు దుస్తులు తొడిగారు, రంగురంగుల బిగుతు దుస్తులు నటుల మీద నవ్వు తెప్పిస్తాయన్న భయంతో. 2001లో కామిక్ కూడా రంగులు వదిలేసి జాకెట్లు తొడిగింది. కాగితం మీద ఆ భయానికి అర్థం లేదు. చిన్న చతురస్రంలో అయిదుగురు మనుషులు కొట్లాడుతుంటే ఎవరు ఎవరో చూపు పడగానే తెలియజేసేది రంగే. తోలుబొమ్మల కళాకారుడు ఒక్కో పాత్రకు ఒక్కో రంగూ ఆభరణమూ ఎందుకు ఇస్తాడో కామిక్ చిత్రకారుడూ అందుకే ఇస్తాడు. 2004లో జాస్ వీడన్ రాసిన వరుసలో రంగుల దుస్తులు తిరిగి వచ్చాయి. 2024 సినిమాలో వుల్వరిన్ వేషం వేసే హ్యూ జాక్‌మన్ చివరకు కామిక్‌లోని ఆ పసుపు దుస్తులు తొడుక్కుని తెర మీదికి వస్తే హాళ్లు ఈలలతో మోగాయి.

నిక్ ఫ్యూరీ ముఖం గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1963లో పుట్టిన ఈ పాత్ర రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన తెల్లజాతి సైనికుడు. 2002 ప్రాంతంలో, ప్రధాన కథతో సంబంధం లేని వేరే కామిక్ వరుసలో మార్క్ మిల్లర్, బ్రయన్ హిచ్ అతణ్ని నటుడు శామ్యూల్ ఎల్. జాక్సన్ పోలికలతో చూపారు. 2008లో సినిమా ఆ నటుణ్నే ఆ వేషానికి తీసుకుంది. ఇంతవరకు అందమైన ఇచ్చిపుచ్చుకోలు. ఆ తర్వాత ప్రధాన కామిక్ ప్రపంచంలో కూడా ఆ ముఖమే కావలసి వచ్చింది. పాత ఫ్యూరీకి ఇంతవరకు ఎవరికీ తెలియని కొడుకు ఉన్నాడని 2012 నాటికి కథ అల్లి, అతనికి ఒక కన్ను పోగొట్టి, తండ్రి పేరే పెట్టి, తండ్రి స్థానంలో నిలబెట్టారు. కథ లోపల కారణం చూపాలన్న నియమం పాటించారు, కాదనలేం. ఆల్‌ఫ్రెడ్ ఆరోగ్య కేంద్రానికి వెళ్లినట్టే ఇదీ. కానీ ఆల్‌ఫ్రెడ్ మీసంతో తిరిగి వచ్చాక కూడా ఆల్‌ఫ్రెడే. ఇక్కడ ఒక కొత్త యువకుడు తన సొంత కథ మొదలు కాకముందే ఇంకొకరి ముఖచిత్రం అయిపోయాడు. నల్లజాతి వీరుడు ప్రధాన కథలోకి రావడం నిజంగా అవసరమైన మార్పు. అతనికి తనదైన జీవితం ఇచ్చి ఉంటే ఆ అవసరం నిండుగా తీరేది.

ముఖం విషయంలో తెలుగువాళ్లకు ఒక సొంత అనుభవం ఉంది. తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి 1957లో తీసిన మాయాబజార్‌కు ఆధారమైన శశిరేఖ కథ వ్యాసభారతంలో లేదు, జనం చెప్పుకున్నది. ఆ సినిమాతో ఎన్.టి. రామారావు కృష్ణుడయ్యాడు, క్యాలెండర్లలో, పూజగదుల్లో కూడా ఆ పోలికలే కనిపించసాగాయి. భారతం చదివే వారికి సైతం కృష్ణుడి పేరు రాగానే ఆ నవ్వే మెదలడం మామూలైంది. దీనివల్ల భారతానికి నష్టం జరగలేదు, ఎందుకంటే పద్యంలో కృష్ణుడికి గీసిన ముఖం లేదు. చదివే ప్రతివాడూ తన మనసులో ఒకటి గీసుకుంటాడు. కామిక్ వీరుడి పరిస్థితి అది కాదు. అతనికి మొదటి రోజే ఒక గీత ఉంది, ఆ గీత ఒక చిత్రకారుడి చేతిది. నటుడి ముఖం వచ్చి కూర్చుంటే పోయేది ఆ చేతి పని. పైగా నటుడికి వయసు మీద పడుతుంది, ఒప్పందం ముగుస్తుంది, వేరే నటుడు వస్తాడు. పుస్తకం ప్రతిసారీ ముఖం మార్చుకుంటూ పోలేదు.

ఈ సంగతి బాగా ఎరిగిన సంస్థ ఒకటి మన దగ్గరే ఉండేది. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జూలైలో చందమామ ప్రారంభించారు. మాయాబజార్ తీసిన విజయా సంస్థ కూడా వాళ్లదే. సినిమాలూ బొమ్మల పత్రికా ఒకే ఇంట్లో నడిచాయి. తమ సినిమాల విజయాన్ని పత్రిక పేజీల్లోకి లాక్కోవడం వాళ్లకు చిటికెలో పని. అయినా చందమామ అనగానే ఇవాళ కళ్ల ముందు మెదిలేవి చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యల గీతలు. విక్రమార్కుడి భుజం మీది శవం శంకర్ గీసిన శవమే. ప్రతి రూపానికీ దాని గౌరవం దానికి దక్కింది.

ముందుకు వెళ్లేటప్పుడు కూడా ఇదే వరస. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ ఆడి నాటకరంగంలోకి వచ్చిన కుటుంబాలు అంతకుముందు తోలుబొమ్మలు ఆడించినవే. రంగస్థలం మీదికి వాళ్లు కథలనూ, రెప్పపాటులో వింతలు సృష్టించే నేర్పునూ తెచ్చారు. బొమ్మలను తెర వెనుకే వదిలారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాసిన భక్త ప్రహ్లాద నాటకం ఆధారంగా 1932లో తొలి తెలుగు టాకీ వచ్చింది, సురభి నటులు అందులో నటించారు. ఒక రూపం నుంచి ఇంకో రూపానికి అడుగు వేసిన ప్రతిసారీ ఏది మోయాలో, ఏది దింపాలో తేల్చుకున్నారు.

కామిక్స్ సంపాదకులకు ఈ తేల్చుకోవడానికి వ్యవధి ఉండటం లేదన్నది అసలు జబ్బు. సినిమా తయారు కావడానికి రెండు మూడేళ్లు పడుతుంది, విడుదల తేదీ ముందే ఖరారవుతుంది. కామిక్ నెలనెలా ఇరవై పేజీల చొప్పున వస్తుంది. ఆ తేదీకి అందుకోవాలని కథను వంచితే, వంచిన గుర్తు సినిమా మరుగున పడ్డాక కూడా పుస్తకంలో ఉండిపోతుంది. 1966 సీరియల్ విజయవంతం కాగానే బ్యాట్‌మ్యాన్ కామిక్స్ ఆ వెటకారపు ధోరణిలోకి మళ్లాయి. రెండేళ్లకే సీరియల్ ఆగింది, పుస్తకం చేతిలో ధోరణి మాత్రం మిగిలింది. దాన్ని వదిలించి, వీరుణ్ని తిరిగి రాత్రి చీకట్లోకి తీసుకువెళ్లే పని డెన్నీ ఓనీల్, నీల్ ఆడమ్స్ 1970లో మొదలుపెట్టవలసి వచ్చింది.

మరి సినిమా చూసి వచ్చిన పాఠకుడి గతి ఏమిటంటే, అతనికి వేరే గది కట్టాలి. ఇది ఊహ కాదు, జరిగి చూపిన పని. 2013లో 1966 టీవీ సీరియల్ ప్రపంచాన్నే కొనసాగిస్తూ ఒక కామిక్ వరుస మొదలైంది, ఆ నటుల పోలికలతో, ఆ రంగులతో, ఆ హాస్యంతో. 2021లో 1978 నాటి సూపర్‌మ్యాన్ సినిమాకూ 1989 నాటి బ్యాట్‌మ్యాన్ సినిమాకూ అలాంటి కొనసాగింపులే వచ్చాయి. 1989 సినిమా రచయితల్లో ఒకడైన శామ్ హామ్ స్వయంగా ఆ బ్యాట్‌మ్యాన్ కామిక్ రాశాడు. సినిమాను ప్రేమించినవాడికి అతను ప్రేమించిన ముఖమే దొరికింది, ప్రధాన కథలోని ముఖం చెక్కుచెదరలేదు. హార్లీ క్విన్ కూడా ఇలాంటి గదిలోనే ఆరేళ్లు పెరిగిందని మరచిపోకూడదు. అక్కడ నిలదొక్కుకున్నదాన్ని తీరిగ్గా ఇంట్లోకి పిలవవచ్చు. నిలదొక్కుకోనిది ఎవరికీ నష్టం చేయదు.

పాఠకుడు ప్రధాన కథలోకే రావాలనుకుంటే, అతణ్ని అడ్డుకునేది దుస్తుల రంగు అనుకోవడం పొరపాటు. మొదలు ఎక్కడుందో తెలియకపోవడమే అడ్డం. అరవై ఏళ్ల సంచికల మధ్య, ఇంకో నాలుగు పత్రికలు చదివితే గాని అర్థం కాని అయిదో భాగాన్ని చేతిలో పెడితే ఎవరైనా వెనుదిరుగుతారు. ఆది నుంచి అంతం వరకు ఒకే సంపుటంలో ముగిసే కథ ఇస్తే, సినిమాలో చూసిన మనిషికీ ఇతనికీ తేడా ఉందని పదో పేజీలోనే గ్రహించి ముందుకు సాగుతాడు. సీమ ప్రేక్షకుడికి ఇది అలవాటైన పనే. తోలుబొమ్మల్లో చూసిన రాముణ్ని హరికథలో ఇంకో తీరుగా విని, సినిమాలో మరో తీరుగా చూసి కూడా తికమక పడలేదు.

తెలుగు పాఠకుడి విషయంలో ఇంకో మెట్టు ఉంది. ఈ వీరులు తెలుగులో మాట్లాడగా విన్నది డబ్బింగులోనే. తెలుగు అక్షరాల్లో వాళ్ల కామిక్స్ చదివే అవకాశం కర్నూలు పుస్తకాల అంగళ్లలో వెతికినా దొరకడం కష్టం. ఎవరైనా తెలుగులో తేవడానికి పూనుకుంటే, సినిమాల నుంచి తీసుకోదగినది మాటల్లో చాలానే ఉంది. పిల్లలకు ఇప్పటికే నోటికొచ్చిన పేర్లు, శక్తుల పేర్లు, ఆయుధాల పేర్లు డబ్బింగులో ఎలా ఉన్నాయో అలాగే ఉంచడం మేలు. బొమ్మలో మాత్రం డిట్కో గీసిన పీటర్ పార్కర్ డిట్కో గీసినట్టే ఉండాలి. సన్నటి కుర్రవాడు, గుండ్రటి కళ్లద్దాలు, మేడ మీది గదిలో బల్ల ముందు కూర్చుని సొంతంగా ఆ పరికరాన్ని బిగించుకుంటూ.